ఎలుగుబంటి చెట్టెక్కిన సాయంత్రం

సత్తుపల్లిలో ఆ ఆదివారం పొద్దున్నే చెంచురామయ్య మంచం కింది నుంచి అట్టపెట్టెలన్నీ లాగి అరుగు మీద పేర్చాడు. మూడేళ్లు కూర్చుని, సొంతంగా బొమ్మలు గీసి అచ్చువేయించిన ‘అడవిబాట’ ఆట అది. పాచికలు వేసుకుంటూ, ఎలుగుబంటిని తప్పించుకుంటూ గోదావరి ఒడ్డు చేరాలి. పాపం, ఒక్క పెట్టె అమ్ముడుపోతే ఒట్టు. ఈ సాయంత్రానికీ కదలకపోతే రేపటి నుంచి బావమరిది ఎరువుల కొట్లో కూర్చుంటానని భార్య ప్రమీలారాణికి మాటిచ్చాడు. ఆ కొట్టు తలుచుకుంటేనే ఆయన ప్రాణం ఉసూరుమంటోంది.

“సరుకు మంచిదైతే అదే పోద్ది. ప్రచారమెందుకు?” అన్నాడు.

“మీ సరుకు మంచిదని మంచానికి తప్ప ఎవరికి తెలుసు?” అని ప్రమీలారాణి మైకు పిచ్చయ్యను పిలిపించింది.

పిచ్చయ్య ఏళ్ల తరబడి రిక్షాలో తిరుగుతూ సినిమాలు చాటినవాడు. ఆట పేరు చెప్పాడో లేదో, నోరు పాత దారి పట్టింది. “ఒళ్లు గగుర్పొడిచే ఫైటింగులు, ఎలుగుబంటితో పోరాటం, ఆడోళ్లకు వేరే జాగా. ఇయ్యాల సాయంత్రమే, చెంచురామయ్యగారింట్ల.” పైగా ఆ రోజు టాకీసులో మిషను చెడిపోయింది. ఇంకేముంది, పొద్దు వాలేసరికి చాపలు చంకన పెట్టుకుని ఊరంతా వాకిట్లోకి దిగింది.

“ఎలుగేదయ్యా?” అన్నాడు ముందు వరుసలో కూర్చున్న జంపయ్య.

చెంచురామయ్య అట్ట మీది బొమ్మ చూపించాడు.

“గింతేనా?”

చాపలు చుట్టడం మొదలైంది. చెంచురామయ్య పిచ్చయ్య వంక కొరకొరా చూశాడు.

“ఏం జేయమంటరు, నాకు గట్లనే అలవాటైంది” అన్నాడు పిచ్చయ్య.

ప్రమీలారాణి పీట వాల్చి మొగుడితో ఆటకు కూర్చుంది. ఎలుగు వెంటపడగానే తన కాయను చెట్టు గడిలోకి ఎక్కించేసింది. చెట్టు మీద ఉన్నవాళ్లను ఎలుగు ఏమీ చేయదు. ఆ రూలు పెట్టింది చెంచురామయ్యే. కాకపోతే ఇప్పుడు ఓడిపోతున్నాడు.

“ఎలుగు చెట్టెక్కుద్ది. నువ్వు పోయినట్టే.”

“మీరు రాసిన రూలు మీరే మారుస్తారా? తొండి.”

చాపలు చుట్టేవాళ్లు ఆగారు.

“ఎక్కుతది. చెట్టెక్కి మా మామను కిందికి గుంజింది” అన్నాడు జంపయ్య.

“రూలంటే రూలే. మీ మామనడిగి పెట్టిండ్రా ఏంది?” అన్నాడు పక్కనున్న పోతయ్య.

ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. ఆడవాళ్లంతా ప్రమీలారాణి పక్షం చేరారు. పిచ్చయ్య మైకు అందుకుని, ఫైటింగు మొదలైందని సంబరంగా చాటాడు. ఎవరికి వాళ్లు ఆడి తేల్చుకుంటామని తలా ఒక పెట్టె కొనుక్కుపోయారు. దీపాలు పెట్టే వేళకు అరుగు ఖాళీ.

మర్నాడు చెంచురామయ్య ఆ రూలు దిద్దబోతే ప్రమీలారాణి పెన్ను లాక్కుంది. “అది తేలిపోతే మళ్లీ ఎవరూ కొనరు.”

సరుకులో సత్తా ఉంటే ప్రచారంతో పనిలేదని ఆయన ఇప్పటికీ సంతలో చెబుతుంటాడు. చెప్పడానికి పిచ్చయ్య మైకే కిరాయికి తెచ్చుకుంటాడు.