నలుగురు వచ్చేదాకా

డెబ్బై ఐదేళ్లలో ఏ ప్రభుత్వమూ అడగని మాట మంగళవారం పొద్దున మమ్మల్ని అడగబోతున్నారని, సోమవారం సాయంత్రమే ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పారు. ఢిల్లీలో పెట్టబోయే జాతీయ ఆరోగ్య సంస్కరణల బిల్లు మీద మా మండల ప్రజల అభిప్రాయం కావాలట. బిల్లు నాలుగు వందల పన్నెండు పేజీలు. ఇచ్చిన సమయం రెండు గంటలు. లెక్కవేసి చూశాను, పేజీకి పదిహేడు సెకన్లు. మా తెలివి మీద ప్రభుత్వానికి ఉన్న నమ్మకానికి కళ్లు చెమర్చాయి.

మండలం పేరు చెప్పను. నల్లగొండకు గంట దూరం. ఇంత గౌరవం మాకొక్కరికే దక్కిందని తెలిస్తే చుట్టుపక్కల వాళ్లు బాధపడతారు.

నేను నెలకోసారి బీపీ మాత్రల కోసం దవాఖానకు వెళ్తాను. వరండా చివరి బల్ల మీద కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా మొహాలు చూడటం నా అలవాటు. ఆ రోజు ఏడింటికే వెళ్లాను. ఆవరణలో సున్నంతో రెండు పొడవాటి గీతలు గీసి ఉన్నాయి. మా దగ్గర, దవాఖాన అయినా యూరియా దుకాణమైనా, వరుసలో మనుషులు నిలబడరు. చెప్పులు నిలబడతాయి. మనుషులు నీడకు కూర్చుంటారు. ఎవరి చెప్పునూ ఎవరూ జరపరు. ఇంత నిజాయితీగా నడిచే వ్యవస్థ దేశంలో మరొకటి నేను చూడలేదు. గీతలు చూసిన జనం ఓపీ వరుసలు రెండయ్యాయనుకుని, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ చెప్పులు విడిచారు.

అందరికంటే ముందు వచ్చింది బిక్షమ్మ. దవాఖాన వెనక కాలనీలో ఉంటుంది, పత్తి చేలల్లో కూలికి పోతుంది. సరిగ్గా వారం కింద, దవాఖాన గేటు దగ్గరే ఉండే ఎర్రకుక్క ఆమె చెప్పు నోట కరుచుకుని పోతుంటే ఆమె లాక్కోబోయింది. చెప్పు దక్కింది, పిక్క దక్కలేదు. ఇప్పుడు ఏ వరుస ముందు కదులుతుందో తెలియక ఎడమచెప్పు ఒక వరుసకు, కుడిచెప్పు ఇంకో వరుసకు మొదట్లో పెట్టింది. తర్వాత సూదిమందు గది దగ్గరికి పోయింది.

"స్వరూప సిస్టరమ్మా, ఇయ్యాలకు ఏడు దినాలు. మూడో సూది."

"నలుగురు రానీ పెద్దమ్మా. సీసా తెరిస్తే గా పూటనే అయిపోవాలె. నీ ఒక్కదానికి తెరిస్తే తతిమ్మది పారబొయ్యాలె. పైనుంచి నన్ను తిడ్తరు."

"ఇప్పటికి ఎందరైండ్రు?"

"నువ్వొక్కదానివే."

"మా చిన్నమ్మ కుక్క కరిసి, నీళ్లను జూసి వణుక్కుంట సచ్చింది బిడ్డా. నా కండ్లతోని జూసిన."

"ఫికర్ జెయ్యకు. జర కూసో. ఎవల్నో ఒగల్ని కరువకపోతదా."

బిక్షమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. గేటు దాటి వచ్చే ప్రతి మనిషినీ ఆశగా అడిగింది. "నిన్నేమన్న కుక్క కరిసిందా నాయినా?" లేదన్నప్పుడల్లా ఆమె మొహం వాడిపోయింది. ఎదుటివాళ్ల ఆరోగ్యానికి ఇంత మనస్ఫూర్తిగా దిగులుపడ్డ మనిషిని నేను చూడలేదు.

తొమ్మిదిన్నరకు టెంటువాళ్లు వచ్చి ఒక వరుస ముందు 'మద్దతు', ఇంకో వరుస ముందు 'వ్యతిరేకం' అని బోర్డులు పాతారు. పదింటికి ప్రత్యేకాధికారి కృష్ణకాంత్ గారు జీపు దిగారు. మండలంలోని రెండు పక్షాల నాయకులు, బిల్లుకు మద్దతుగా ఎల్లేశం, వ్యతిరేకంగా గాలయ్య, చెరో ఇరవై మందితో అప్పటికే సిద్ధంగా ఉన్నారు. అధికారి వరుసలు చూసి ఒక్క క్షణంలో నిర్ణయం తీసుకున్నారు.

"ప్రజలను ఎండలో నిలబెట్టడం అమానుషం. చెప్పులు ఎక్కడుంటే అభిప్రాయం అక్కడున్నట్టే. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ తీయరాదు."

రెండు పక్షాలూ చప్పట్లు కొట్టాయి. ఎవరి వరుస వాళ్లకు పొడుగ్గా కనిపించింది.

కాటమయ్య, డానియల్ ఒకే ఆటోలో కేతేపల్లి దిక్కు నుంచి వచ్చారు. ఒకరికి జ్వరం, ఒకరికి మోకాలినొప్పి. అరగంట కింద ఒక్క చాయ్‌ని ఇద్దరూ సగం సగం తాగడం నేను చూశాను. ఒకరి చెప్పులు ఇటు పడ్డాయి, ఒకరివి అటు.

"బిల్లొస్తె ఇచ్చే ఒక్క కార్డుంటె ఢిల్లీ దవాఖానల గూడ జూస్తరట. గది వద్దంటవేందిరా?" అన్నాడు కాటమయ్య.

"నా మోకాలేసుకొని ఢిల్లీకెట్ల పోవాలె? కార్డొస్తె గీ దవాఖాన మూస్తరు. మొత్తం ప్రైవేటోని చేతుల వెడ్తరు."

"నీకెవలు జెప్పిండ్రు?"

"నీకెవలు జెప్పిండ్రు?"

ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. మనిషి ముందు ఆలోచించి, తర్వాత ఒక పక్కన నిలబడతాడని చదువుకునే రోజుల్లో నమ్మాను. కాదు. ముందు చెప్పులు విడుస్తాడు. తర్వాత అవి ఎక్కడున్నాయో చూసుకుని, అక్కడే ఎందుకున్నాయో కారణాలు వెతుక్కుంటాడు. దొరికిన కారణం కోసం ప్రాణమైనా ఇస్తాడు. పావుగంటలో కాటమయ్య కాలరు డానియల్ చేతిలో ఉంది. జ్వరం దిగిపోయినట్టుంది, మోకాలినొప్పి కూడా.

గొడవ సద్దుమణగడానికి అధికారి బిల్లులోంచి తొమ్మిదో సెక్షన్ గంభీరంగా చదివారు. "చికిత్స అవసరమైన ఏ పౌరుణ్ణీ ఏ కారణంతోనూ వేచి ఉండేలా చేయరాదు."

బిక్షమ్మ కూడా చప్పట్లు కొట్టింది. నా వైపు వంగి, "మంచిగ జెప్తుండు. ఆ సారును కుక్క గిట్ల కరిసిందా?" అంది.

లెక్క పూర్తయ్యేసరికి పన్నెండైంది. మద్దతు తొంభై ఆరు జతలు, ఒక చెప్పు. వ్యతిరేకం తొంభై ఆరు జతలు, ఒక చెప్పు. అధికారి దగ్గరున్న ఫారంలో సగం అభిప్రాయానికి గడి లేదు. రెండు ఒంటి చెప్పులూ నీలిరంగు హవాయివి. పక్కపక్కన పెట్టి చూస్తే జత.

"ఎవరివివి?"

సూదికి పిలిచారనుకుని బిక్షమ్మ సంతోషంగా లేచింది.

"పెద్దమ్మా, నువ్వు మద్దతా, వ్యతిరేకమా?"

"నేను సూది దిక్కు సారూ."

"అట్లాంటి వరుస లేదు."

"అందుకేనా ఇయ్యకపోవుడు?"

ఎల్లేశం ఎడమచెప్పు అందుకున్నాడు. "గుండె దిక్కు కాలు మా వరుసల వెట్టింది. అవ్వ మనసు మాదే!"

గాలయ్య కుడిచెప్పు లాక్కున్నాడు. "మంచిపనికి ఎవలైన కుడికాలే ముందు వెడ్తరు. అవ్వ మాది!"

ఇద్దరూ చెరో చెప్పు పైకెత్తి నినాదాలు మొదలుపెట్టారు. సాక్ష్యాన్ని స్వాధీనం చేసుకోవడానికి అధికారి మధ్యలోకి వెళ్లారు. గేటు దగ్గర పడుకున్న ఎర్రకుక్క తల ఎత్తింది. గాలిలో ఊగుతున్న రెండు నీలి చెప్పులను చాలా శ్రద్ధగా చూసింది.

తర్వాత జరిగినదాంట్లో అది ఏ పక్షం మీదా వివక్ష చూపలేదు. మద్దతును పిక్క మీద, వ్యతిరేకాన్ని ముంజేతి మీద, తటస్థంగా ఉన్న అధికారిని తొడ మీద కరిచింది. రెండు చెప్పులూ నోట పట్టుకుని గోడ వారగా వెళ్లిపోయింది.

వరండాలోంచి స్వరూప వేళ్ల మీద లెక్కపెట్టింది. "పెద్దమ్మా! నలుగురైండ్రు, రా!"

ఎల్లేశం, గాలయ్య ఒకే నల్లా కింద, ఒకే సబ్బుతో పావుగంట గాయాలు కడుక్కున్నారు. ఆ పావుగంటలో బిల్లు మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. తర్వాత ముగ్గురూ సూదిమందు గది తలుపు దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు.

"వరుసల రాండ్రి," అంది స్వరూప. "మీ చెప్పులేవి?"

ముగ్గురికీ బూట్లున్నాయి. వరుసలో మాత్రం లేవు. బిక్షమ్మ రెండు వరుసల్లోనూ మొదటిది. లోపలికి నడిచింది.

చేతికి దూది అదుముకుంటూ బయటికొచ్చి, "నాలుగోదెప్పుడు బిడ్డా?" అని అడిగింది.

"ఇర్వై ఒక్క దినాలకు. గప్పుడు గూడ నలుగురు గావాలె. వీళ్లు ఇయ్యాల మొదలువెట్టిండ్రు, వీళ్ల తారీఖులు వేరే."

బిక్షమ్మ గేటు వైపు చాలాసేపు చూసింది.

అధికారి ఆ సాయంత్రమే నివేదిక పంపారు. మద్దతు, వ్యతిరేకం గడులు ఖాళీగా వదిలి, 'ఇతర సూచనలు' అన్నచోట, కుక్కను తక్షణం పట్టి తరలించాలని ప్రజలు, ఇరుపక్షాల నాయకులు ఏకగ్రీవంగా కోరినట్టు రాశారు. బుధవారం బండి వచ్చి ఊరంతా తిరిగింది. కుక్క దొరకలేదు.

గురువారం కాలనీ మీదుగా నడుస్తున్నాను. బిక్షమ్మ వాకిట్లో ఎర్రకుక్కను కొత్త తాడుతో కట్టేసి ఉంది. గిన్నెలో మజ్జిగన్నం. పక్కనే, సగం నమిలిన నీలి చెప్పుల జత. బిక్షమ్మ వట్టికాళ్లతో నిలబడి దానికి ఈగలు తోలుతోంది.

"ఎన్నాళ్లు సాదుతవు పెద్దమ్మా?" అన్నాను.

"ఎన్నాళ్లో లేదు సారూ," అంది. "ఇంక పంతొమ్మిది దినాలే."