సుధామణి టీచరు ఇచ్చిన సంతకాల హోంవర్కు

సోమవారం పొద్దున పామర్రు వెళ్లే బస్సులో సుధామణి టీచరుకు ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు విన్న పాఠం మర్చిపోతారు గానీ, ఇంకొకరికి చెప్పిన పాఠం మర్చిపోరు. అందుకని ఏడో తరగతికి త్రిభుజ వైశాల్యం చెప్పి, ఆ పాఠాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పమంది. వాళ్లకు నిజంగా తెలిశాక నోట్సులో "అర్థమైంది" అని రాయించి, సంతకం పెట్టించుకుని రావాలి. ఇందులో ఎవరైనా తప్పుపట్టేదేముంటుంది అనుకుంది. పాపం, ఆవిడ పట్నంలో భవానీపురం మనిషి. పొలం ఉన్నవాళ్ల భయాలు ఆవిడకేం తెలుసు?

ఆ సాయంత్రం భానుశ్రీ తన తాత హనుమయ్యను అరుగు మీద కూర్చోబెట్టింది.

"తాతయ్యా, కాలవ పక్కన మన మూడు మూలల పొలం చెక్క పొడవెంత?"

"నీకెందుకే?"

"పొడవుని ఎత్తుతో గుణించి సగం చెయ్యాలి."

"మన పొలాన్ని సగం చెయ్యడానికి మీ టీచరెవరే?"

మూడుసార్లు చెప్పించుకుని హనుమయ్య సంతకం పెట్టాడు. పెట్టాక భయం పట్టుకుంది. కొలతలడిగారు, సగమన్నారు, సంతకం తీసుకున్నారు! పక్కనే కూర్చుని అంతా విన్న ఆయన భార్య మాణిక్యమ్మ పాలకేంద్రంలో ఈ మాట చెప్పింది. అక్కడ ఇంకో నలుగురు కూడా సంతకాలు పెట్టినట్టు తేలింది. పాలు పోసి తిరిగొచ్చేలోపు ఆ సంతకాలు పొలాలు లాక్కోవడానికేనని, అదీ రోడ్డు కోసమని ఒకరు, విమానాశ్రయం కోసమని ఒకరు తేల్చేశారు.

మర్నాడు ఊరంతా బడి మీద పడింది. హెడ్మాస్టరు తిరుపతిరావుకు సుధామణి మీద మొదట్నుంచీ అనుమానమే. ఆవిడ తరగతిలో టీచరు కంటే పిల్లలే ఎక్కువ మాట్లాడతారు.

"ఏమీ తెలియని జనంతో సంతకాలు పెట్టించిందని రాస్తున్నాను. ఈవిడకి బదిలీ ఖాయం" అంటూ కాగితం తీశాడు. సుధామణికి ఏడుపొచ్చింది. ఊరు వదలాల్సి రావడం కంటే, పిల్లలు అప్పుడప్పుడే నోరు విప్పుతున్న తరగతిని వదలడం ఆవిడకు కష్టంగా ఉంది.

హనుమయ్యకు మాత్రం రోషం వచ్చింది. "ఏమీ తెలియదా? ఎవరికండీ?" అంటూ సుద్దముక్క అందుకుని గదిలోని బోర్డు మీద గీశాడు. "ఇదిగో, నాలుగు మూలల మడి. ఈ మూల నుంచి ఆ మూలకి గట్టేస్తే రెండు ముక్కలు, రెండూ సమానం. ఒక్కోటి మడిలో సగం. అందుకే సగం చెయ్యమంది. పొలం ఎక్కడికీ పోదు!"

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాకే ఆయన భయం తీరింది.

"ఎత్తు నిలువుగా కొలవాలండోయ్, ఏటవాలుగా కాదు" అని మాణిక్యమ్మ సరిదిద్దింది.

"అదంతా తర్వాత. ముందు ఈ ఫిర్యాదు కింద అందరూ సంతకాలు పెట్టండి" అన్నాడు తిరుపతిరావు.

హనుమయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"టీచరమ్మ మాకు నేర్పించాక సంతకం అడిగింది. తమరు నేర్పకుండానే అడుగుతున్నారు. ఏంటండీ సంగతి?"

రెండు నిమిషాల్లో గది ఖాళీ అయింది. తిరుపతిరావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, తాను కూడా సంతకం పెట్టకుండా సొరుగులో పడేశాడు.