ఫంక్షనల్ అనాలిసిస్ సీటుకు మండీ నిబంధనలు

గణితంలో ఫంక్షనల్ అనాలిసిస్ అనే శాఖలో డాక్టరేట్ చెయ్యాలంటే ఎమ్మెస్సీ మార్కులు, ఎంట్రన్సు, ఇంటర్వ్యూ అవసరమే గానీ అవి చాలవు. మదనపల్లె టమోటా మండీలో ఎంపిక సంఘం ఆమోదం కూడా కావాలి. (ఏ యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లోనూ ఈ సంగతి అచ్చు కాకపోవడం విచారకరం.)

అంబిక విషయమై సంఘం శుక్రవారం మధ్యాహ్నం సమావేశమైంది. అధ్యక్షుడు ఆమె తండ్రి రెడ్డెప్ప, మండీ యజమాని. రైల్వే వ్యవహారాల సభ్యురాలు కుప్పం మేనత్త కమలాక్షి. నాణ్యతా విభాగం పుంగనూరు టమోటా వ్యాపారి హమీద్. అంబిక అభ్యర్థి గనక ఆమెకు ఓటు లేదు.

సీట్లు రెండు. ఒకటి బెంగళూరులో. రెండోది వెయ్యి కిలోమీటర్ల అవతల. అంబిక రెండేళ్లుగా కుస్తీ పడుతున్న ఆపరేటర్ల మీదే పనిచేసే ప్రొఫెసరమ్మ అక్కడుంది. ఆ సీటు ఒప్పుకోవడానికి గడువు ఆ సాయంత్రం అయిదు.

"మా ఇంట్లో ఉండి కుప్పంలో రైలెక్కితే బెంగుళూరు. పొద్దున పోయి సందకాడికి వచ్చేస్తాది. ఇంగేం కావల్ల?" అంది కమలాక్షి.

"ఆడ ఈ సబ్జెక్టు చెప్పే సారు పోయినేడే రిటైరయినాడత్తా."

"సారు లేకుంటే ఏమి? రైలుండాది గదా."

హమీద్ అడ్డుపడ్డాడు. "పైవరస సూసి సరుకు కొంటామా? క్రేటు అడుగున చెయ్యి పెట్టి సూడల్ల."

అడుగు వరస అంటే అక్కడ అందరికన్నా పాత విద్యార్థి. అంబిక రెండు చోట్లకూ ఫోన్ చేసింది. దూరపు చోట, ప్రొఫెసరమ్మకు ఏం రాసి పంపినా మూడు రోజుల్లో ఎర్ర సిరాతో తిరిగొస్తుందని చెప్పారు. బెంగళూరు అడుగున ఉన్నతనికి డాక్టరేట్ మొదలుపెట్టి ఎనిమిదో ఏడు నడుస్తోంది. మీ వైపు లెక్చరర్ పోస్టులేమైనా ఉన్నాయా అని అతనే ఎదురడిగాడు.

"దూరందే మేలు రెడ్డెప్పా," అన్నాడు హమీద్.

"రైలు మారల్ల. మారతాది లే," అంది కమలాక్షి. తీర్మానం ఏకగ్రీవం. (గణిత విభాగాలు కూడా ఇంత శాస్త్రీయంగా ఎంపిక చెయ్యవు.) అంబిక ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

ఇక మిగిలింది ఓటీపీ. గ్యాసు బండ మొదలు ఓటరు కార్డు దాకా ఆ ఇంటి దరఖాస్తులన్నిటి మీదా రెడ్డెప్ప నంబరే ఉంటుంది. నాలుగింటికి అంబిక సీటు ఒప్పుకుంటానని నొక్కగానే, ఓటీపీ వచ్చి ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"నాయనా, ఫోనియ్యి. ఒప్పుకొనేస్తా."

"ఉండమ్మా. వేలంలో మొదటి పాటకే తలూపితే సరుకు సులకనయిపోతాది."

నాలుగున్నరకు గడువు గుర్తుచేస్తూ మరో మెసేజ్ వచ్చింది.

"సూసినావా హమీదూ, మళ్లా అడగతాండారు. అవసరం వాళ్లది."

"అది మిషను పంపిస్తాది నాయనా. అయిదుకు మూసేస్తారు."

"ముప్పై ఏండ్లుగా కొనేటోళ్లను సూస్తాండా. మూసేస్తామనే వాళ్లే కడాకు దిగొస్తారు."

అయిదుకు పది నిమిషాలుందనగా ఇంకొకటి వచ్చింది. రెడ్డెప్ప ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద చెయ్యి పెట్టాడు. కొనేవాడు మెత్తబడ్డాక మండీలో పాటించే మర్యాద అది.

అయిదూ రెండుకు వచ్చిన మెసేజ్ ఇంగ్లీషులో పొడుగ్గా ఉండడంతో ఆయనే ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు. గడువులోగా అంగీకారం అందనందున సీటును జాబితాలో తరువాతి వారికి కేటాయించామని అంబిక తెలుగులో చదివి వినిపించింది. హమీద్ చెప్పుల కోసం వెతుక్కున్నాడు. కమలాక్షి బెంగళూరు రైలు టైము చెప్పబోయి మానుకుంది.

రెడ్డెప్ప ఫోన్ తీసుకుని మళ్లీ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"రేపు వాళ్లు పాట ఎన్నింటికి మొదలుపెడతారో కనుక్కోమ్మా," అన్నాడు.