కుర్చీ లేనిచోట ఆలస్యమెక్కడిది?

రోగులకు కుర్చీలు వేయడం మహాపాపం! ఊరికే అనడం లేదు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేను, ఆలోచించే అంటున్నాను.

మా వీధి చివరి క్లినిక్‌నే తీసుకోండి. ఒకప్పుడు అక్కడ జనం గంటల తరబడి కూర్చునేవారు. పనితీరు బాగుచేయడానికని పైనుంచి ఒక కిట్ దిగింది. రంగురంగుల పోస్టర్లు, వీడియో పాఠాలు, వాటితోపాటు టై కట్టుకున్న ఒక సలహాదారు!

"రోగి కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి డాక్టరును కలిసేదాకా వెయిటింగ్ టైమ్. దాన్ని తగ్గించండి" అని ఆయన సెలవిచ్చారు.

క్లినిక్ వాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుని, కుర్చీలు తీసేశారు. కూర్చునేవాడే లేకపోతే వెయిటింగ్ ఎక్కడిది? సున్నా! ఆ సున్నాను ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు!

లాభాలు ఒకటా రెండా? కునుకు తీసేవాళ్లు లేరు. జ్వరం మనిషి గోడకు ఒరిగితే గోడ వెచ్చబడి, పక్కవాడి నడుం నొప్పికి ఉచితంగా కాపడం! ఇంతటి సమన్వయం ఏ పెద్దాసుపత్రిలో ఉందో చూపించండి!

మొన్న మోకాళ్ల నొప్పులంటే మా అమ్మను తీసుకెళ్లాను. నిలబడీ నిలబడీ, ఆవిడ బరువు తూచే మిషన్ మీద కూలబడబోయింది. కౌంటర్లో అమ్మాయి కెవ్వుమంది.

"కూర్చోకండమ్మా! వెయిటింగ్ మొదలైపోతుంది!"

"మొదలవనీ తల్లీ, కాళ్లు పీకేస్తున్నాయి."

"మా సున్నా పోతుందమ్మా!"

అమ్మ నా వైపు చూసింది. చదువుకున్నవాణ్ణి కదా, సర్దిచెప్పాను.

"మంచి పద్ధతేలే అమ్మా. పోస్టర్లో కూడా ఉంది."

"నీ చదువు తగలెయ్య!" అంది అమ్మ, గోడ పట్టుకుని.

లోపల డాక్టరుగారు కిట్‌లోని వీడియో పాఠం చూస్తున్నారు. రోగులతో త్వరగా మాట్లాడటం ఎలా అన్నది పాఠం. చాలా పెద్ద పాఠం! అది అయ్యాక మమ్మల్ని పిలిచి, అమ్మ మోకాలు నొక్కి చూశారు.

"బాగా వాచిందమ్మా! మీరసలు ఎక్కువసేపు నిలబడకూడదు. ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడుతున్నారా?"

"లేదు నాయనా, ఇక్కడే."

డాక్టరుగారు తలుపులోంచి బయట గోడ మీది సున్నా వైపు ఒకసారి చూసి, మందుల చీటీ రాసిచ్చారు.

"వచ్చే వారం మళ్లీ రండి."

వెళ్తాం. ఈసారి చంకలో మడత కుర్చీ పెట్టుకెళ్తున్నాను. అమ్మ దర్జాగా కూర్చుంటుంది. గోడ మీద సున్నా ఎగిరిపోతుంది. అప్పుడైనా, మేం అక్కడ ఎదురుచూస్తున్నామన్న సంగతి ఎవరో ఒకరికి తెలుస్తుంది!