పసి ఊపిరి విభాగాధిపతి

ఇకమీదట ఏ పసిబిడ్డా ప్రభుత్వానికి తెలియకుండా ఆయాసపడకూడదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ఆయన ఉద్దేశం మంచిదే, మాటే కాస్త అటూ ఇటూ అయింది. చప్పట్లు మాత్రం పడాల్సిన చోటే పడ్డాయి. అదే ఊపులో, పిల్లల ఊపిరితిత్తుల నిపుణులను తయారుచేసే మూడేళ్ల కోర్సుకు రిబ్బను కత్తిరించారు.

అందులో చేరిన మొదటి విద్యార్థి మన డాక్టరు. చివరివాడూ అతనే. అప్పటికే పదేళ్లు చదివి పిల్లల డాక్టరై, ముప్పై ఆరో ఏట మళ్లీ విద్యార్థి అయ్యాడు. అమ్మాయి బడి చదువు ముందు పూర్తవుతుందో, మీది ముందు పూర్తవుతుందో చూద్దామనేది భార్య. కోర్సు పూర్తయితే అదే విభాగంలో ప్రొఫెసరు ఉద్యోగం తనదేనని అతని ధీమా. పోటీకి ఇంకెవరూ లేరు మరి. నేర్పేవాళ్లూ లేరు. పుస్తకాలు ముందేసుకుని, పిల్లల వీపుల మీద స్టెతస్కోపు పెట్టి, తనకు తానే నేర్చుకున్నాడు. బాగానే నేర్చుకున్నాడు, కాదనకూడదు.

మూడో ఏడు చివర తనిఖీ వచ్చింది. విభాగంలో ప్రొఫెసరు కనబడకపోతే కోర్సు రద్దు. సూపరింటెండెంటు మన డాక్టరును గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఒక్కరోజు ప్రొఫెసరుగా కూర్చోవయ్యా. రేపు ఎలాగూ నీ కుర్చీయే కదా."

"మరి విద్యార్థి ఎవరు సార్?"

"కాగితాల్లో ఉన్నాడుగా. చాలు."

ఆత్మాభిమానం ఉన్నవాడు అక్కడే కాదనాలి. మన డాక్టరు కుర్చీ మెత్తగా ఉందో లేదో చూసుకున్నాడు. పక్క విభాగంలో అడిగి తెచ్చిన కోటు తొడుక్కుని, పెద్దరికం కోసం చెవుల దగ్గర జుట్టుకు కాస్త పౌడరు అద్దుకున్నాడు. తనిఖీ బృందం పెద్ద "ప్రొఫెసరుగారూ" అని పిలిచేసరికి మనవాడి కాళ్లు నేల మీద నిలవలేదు. అడిగినవాటికీ, అడగనివాటికీ జవాబులు చెప్పాడు. మీ విద్యార్థి ఏడండీ అని అడిగినప్పుడు, వార్డులో ఉన్నాడని ఊరుకుంటే పోయేది. అసలు ప్రొఫెసర్లు ఇలాంటప్పుడు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకుని పెదవి విరిచాడు.

"తెలివైనవాడేనండీ. బాధ్యతే లేదు. ఇవాళ తనిఖీ అని తెలిసి కూడా రాలేదు, చూడండి."

పెద్దాయన తల ఊపుతూ రాసుకున్నాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. కోర్సుకు గుర్తింపు దక్కింది, మంత్రిగారికి మళ్లీ చప్పట్లు దక్కాయి. ప్రొఫెసరు పోస్టు భర్తీ అయి ఉన్నందువల్ల కొత్త నియామకం లేదు. విద్యార్థి విషయంలో ప్రొఫెసరుగారి అభిప్రాయాన్ని గౌరవించి శిక్షణ మరో ఏడాది పొడిగించారు. అంతవరకూ ప్రొఫెసరుగారి సంతకం లేనిదే అతను ఏ రోగికీ మందు రాయకూడదు. మన డాక్టరు ఆ కాగితాలు పట్టుకుని పరుగెత్తితే సూపరింటెండెంటు నెత్తి కొట్టుకున్నాడు. కూర్చోమన్నాను గానీ నీ మీద నువ్వే చాడీలు చెప్పుకోమన్నానా అన్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయని కూడా అన్నాడు.

మర్నాడు వార్డులో నాలుగేళ్ల పాప పిల్లికూతలతో రొప్పుతోంది. ఏ మందు పీలిస్తే తగ్గుతుందో మన డాక్టరుకు కంఠతా వచ్చు. నర్సు చీటీ తెచ్చి, ప్రొఫెసరుగారి సంతకం ఉంటేనే స్టోరులో మందు ఇస్తారట సార్ అంది. అతను కలం తీసి, మూత పెట్టి, మళ్లీ తీశాడు. లేని ప్రొఫెసరు సంతకం పెట్టలేక జేబులో పెట్టేసుకున్నాడు. పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊదడం చూపించాడు. పాప ఊదింది. కూత తగ్గలేదు.

"ఆ ప్రొఫెసరుగారు ఎప్పుడొస్తారు బాబూ?" అని అడిగింది తల్లి.

"తెలీదమ్మా. నేనూ ఒక్కరోజే చూశాను."

"మంచి డాక్టరేనా?"

అతను పాప వీపు నిమిరాడు.

"ఏమోనమ్మా. ఆయనకు మాత్రం నా మీద నమ్మకం లేదు."