నిండు డబ్బాల తాబేలు

ఆ శనివారానికి లక్ష్మీపతి వేసుకున్న ప్లాన్‌లో రెండే పనులున్నాయి. పది దాకా పడుకోవడం, లేచాక పెసరట్టు తినడం. మనిషికి ఇంతకన్నా చిన్న కోరికలుండవు. అయినా పైవాడికి ఓర్వలేనితనం ఎక్కువ. తెల్లారీ తెల్లారకముందే కూతురు హంసిక వచ్చి దుప్పటి లాగింది.

"నాన్నా, నా టర్టిల్‌కి పెరుగు డబ్బాలు. నువ్వు ప్రామిస్ చేసావ్."

అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్లో హంసిక చదివే స్కూల్ ముందు, పచ్చిక మీద, పారేసే సామానుతో పెద్ద తాబేలును నిలబెడుతున్నారు. నాలుగో తరగతి పిల్లలు పని పంచుకున్నారు. తల అద్వైత్ జట్టుది, వీపు హంసిక జట్టుది. వీపంతా పెద్ద పెరుగు డబ్బాలే. ఆదివారం మధ్యాహ్నం తల్లిదండ్రులు కూడా వచ్చి బిగించాలి. "డబ్బాలు మా డాడీ తెస్తారు" అని హంసిక క్లాసులో లేచి చెప్పేసింది. "మీ డాడీనా? హీ నెవర్ కమ్స్" అని అద్వైత్ నవ్వాడట. ఆ మాట అబద్ధమైతే ఎంత బాగుండేది! ఆఫీసువాళ్ల వీకెండ్ సపోర్ట్ పుణ్యమా అని లక్ష్మీపతి ఏనాడూ ఆ స్కూల్ గడప తొక్కలేదు. పోయినేడు సైన్స్ ఫెయిర్‌లో పిల్ల తన బల్ల దగ్గర ఒక్కతే నిలబడిన ఫొటో, ఎవరో పంపితే చూశాడు. మళ్లీ చూడలేదు.

"తెస్తానన్నానా? తెస్తాను" అంటూ లేచాడు.

ఫ్రిజ్ తెరిస్తే పెరుగు డబ్బాలే. ఒకదాంట్లో ఇడ్లీ పిండి, ఒకదాంట్లో చింతపండు గుజ్జు, ఇంకోదాంట్లో గోంగూర. పెరుగొక్కటే లేదు. వాకింగ్‌కి బయల్దేరుతున్న భార్య విద్య గుమ్మంలోంచే హెచ్చరించింది. "వాటి మీద చెయ్యి పడిందో, నిన్నూ వాటిల్లోనే పెట్టి మూతేస్తా."

చేసేదిలేక అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "పెద్ద పెరుగు డబ్బాలు అర్జెంటుగా కావాలి. ఖాళీవి చాలు."

ముందుగా పై అంతస్తు భానుమతిగారు దిగొచ్చారు. రిటైరైన డాక్టరు. చేతిలో డబ్బా బరువుగా ఉంది.

"ఖాళీది చాలన్నాను కదండీ ఆంటీ?"

"నువ్వంటావు నాయనా, పెద్దదాన్ని నేనెలా ఇస్తాను? ఆడపిల్లున్న ఇంటికి ఖాళీ డబ్బా పంపుతారా ఎవరైనా? కాస్త దద్దోజనం కలిపి పెట్టాను."

ఆమె వెనకాలే సాంబారు వచ్చింది. సాంబారు వెనకాల పులిహోర, దాని వెనకాల బీరకాయ పచ్చడి. అమెరికా వచ్చి ఇరవయ్యేళ్లయినా, ఇళ్లు కొనుక్కున్నా, పాస్‌పోర్టుల రంగు మారినా, ఖాళీ గిన్నె ఇంకొకరి చేతిలో పెట్టే ధైర్యం మనవాళ్లకి ఇంకా రాలేదు. పొద్దెక్కేసరికి డైనింగ్ టేబుల్ నిండి, సోఫా నిండి, ఇస్త్రీ బల్ల కూడా నిండిపోయింది.

డబ్బాలు మోసుకెళ్లేవాళ్లని చూసి, గ్రూపులో లేనివాళ్లకి అనుమానం వచ్చింది. ఒకే ఇంటికి ఇంతమంది వంటలు మోస్తున్నారంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం లేదనే కదా! విద్యకి ఒంట్లో బాగాలేదని ఒకరన్నారు. ఆపరేషనని ఇంకొకరన్నారు. దాంతో మిరియాల చారు డబ్బాలు మొదలయ్యాయి. విద్య వాకింగ్ నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి అప్పటికే ఆ పుకారు చెవిన పడిన భానుమతిగారు మెట్ల మీద పట్టుకున్నారు.

"అయ్యో, లేచి తిరుగుతున్నావేంటమ్మా? రెండు రోజులు పడుకో."

"నాకేమైంది ఆంటీ?"

"అదే మేమూ అడుగుతున్నాం. నువ్వూ చెప్పవు, లక్ష్మీపతీ చెప్పడు."

ఇంట్లోకొచ్చి విద్య ఆ డబ్బాల సంత చూసింది. మొగుణ్ని చూసింది. "ఏమో, నాకు నిజంగానే బాలేదేమో" అని వెళ్లి పడుకుంది. పడుకుని గదిలోంచే ఆర్డర్ వేసింది. "ఒక్క మెతుకు పారేసినా ఊరుకోను. తిని ఖాళీ చేయి."

ముగ్గురు మనుషులు ఆ తిండి తినడానికి ఒక జన్మ చాలదు. బిందెలూ బకెట్లూ తప్ప అన్నిట్లోకీ వంపాడు. అయినా సగం కూడా తెమల్లేదు. చివరికి, "ఆదివారం పొద్దున అందరూ మా ఇంటికి భోజనానికి రండి" అని గ్రూపులో పిలిచాడు. లక్ష్మీపతి చేసిన తప్పుల్లో ఇది పెద్దది. పిలిస్తే అందరూ వచ్చారు. కానీ భోజనానికి ఉత్త చేతులతో ఎవరొస్తారు? వాళ్లు తిని ఖాళీ చేసిన డబ్బాల కంటే, తెచ్చిన డబ్బాలే ఎక్కువ తేలాయి.

హంసిక అన్నీ చూసింది. అలగలేదు, ఏడవలేదు. బూట్లు వేసుకుని, లేసులు తనే కట్టుకుంది. "ఇట్స్ ఓకే నాన్నా. నీకు వర్క్ వచ్చిందని చెప్తాను" అంది. లక్ష్మీపతి కారు తాళాలు అందుకున్నాడు.

"పద. నిండువే తీసుకెళ్దాం."

కారు వెనక సీటూ డిక్కీ డబ్బాలతో నింపి, ఒక పాయసం డబ్బా పిల్ల ఒళ్లో పెట్టి బయల్దేరాడు. స్కూల్ దగ్గర పచ్చిక మీద తాబేలు తీగచట్రం వీపు లేకుండా ఎండిపోయిన చేపలా ఉంది. అద్వైత్ వాళ్ల నాన్న రఘువీర్ కడిగి తుడిచిన సీసాలు సంచుల్లో సర్దుకుని తెచ్చాడు. లక్ష్మీపతి దించుతున్నవి చూసి, "ఏంటి బాస్, క్యాటరింగా?" అన్నాడు.

టీచర్ దగ్గరికొచ్చింది. మూతలు తీసి చూసి, "నట్స్ ఉన్నాయా?" అని ఒకటే ప్రశ్న వేసింది. పిల్లల్లో కొందరికి ఎలర్జీ అట. పల్లీలు పడ్డవన్నీ లక్ష్మీపతి పక్కన పెట్టాడు. అంతే, మిగతావాటి మీద జనం పడ్డారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కాగితపు కప్పుల్లో మిరియాల చారు తాగి, ముక్కులు తుడుచుకుని, మళ్లీ పోయమన్నారు. రఘువీర్ పేరుకి డైట్‌లో ఉన్నాడు, చేతికి మాత్రం బొబ్బట్టు అంటుకుంది. పల్లీల డబ్బాల్ని అక్కడి తెలుగువాళ్లు కారు దగ్గర నిలబడి ముగించారు. ఖాళీ అయినవి ఖాళీ అయినట్టే పిల్లలు పైపు కింద కడిగారు, పెద్దలు చట్రానికి కట్టారు. నీడలు సాగేసరికి తాబేలుకి తెల్లటి వీపు లేచింది.

"సో మెనీ!" అన్నాడు అద్వైత్.

"మా డాడీ తెచ్చారు" అంది హంసిక, పచ్చికకి ఆ చివర ఉన్నవాళ్లకి కూడా వినపడేలా.

అప్పుడే గాలి వీచింది. పెద్ద గాలేం కాదు. తాబేలు మాత్రం ముందు కాళ్లెత్తి, మెల్లగా తిరగబడి, వెల్లకిలా పడి పార్కింగ్ లాట్ వైపు జారడం మొదలుపెట్టింది. నలుగురు పరిగెత్తి పట్టుకున్నారు. టీచర్ ఒక డబ్బాని వేలితో తట్టి చూసింది.

"ఖాళీగా ఉంటే నిలవదు. కింది వరస డబ్బాల్లో ఏదైనా నింపి తేవాలి. మిస్టర్ లక్ష్మీపతి, గులకరాళ్లు దొరుకుతాయా?"

రెండు రోజులు కష్టపడి ఖాళీ చేయించిన డబ్బాల వంక లక్ష్మీపతి కాసేపు చూశాడు. అలవాటుగా ఫోన్ తీసి గ్రూపు తెరవబోయాడు. హంసిక ఆ ఫోన్ లాక్కుని జేబులో వేసుకుంది. నాన్న చేతిలో ఒక స్కూల్ బకెట్ పెట్టి, తనూ ఇంకో బకెట్ పట్టుకుని పక్కనే నడిచింది.

చీకటి పడేదాకా ఆ తండ్రీకూతుళ్లు దారి పక్కన రాళ్లు ఏరుకున్నారు. అడిగితే మనవాళ్లు వట్టి రాళ్లు పంపరు.