మెరుపు సూది, శంఖం సూది

కొయ్యూరు దగ్గరి ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి పిల్లలు ఇరవై నలుగురు. పన్నెండు గంటల లోపు అందరికీ టీకాలు వేసేసి, జీపులో పై ఊరికి వెళ్లిపోదామని నర్సు హేమలత ఆ ఉదయం అనుకుంది. కిందటేడు టీకాల ఐస్ పెట్టెను చూడగానే సగం తరగతి కిటికీల్లోంచి దూకి జీడితోటలో కలిసిపోయింది. అందుకని ఈసారి కామిక్స్ వీరుల స్టిక్కర్లు తెచ్చింది. సూది వేయించుకున్నవాళ్లకు తలా ఒకటి.

మొదటి ఆరుగురు నవ్వుతూ వచ్చారు. ఏడో పిల్ల నిర్మల బల్ల మీది స్టిక్కరును తిప్పి చూసి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.

"ఇది మెరుపు కామిక్స్ వోళ్లది నర్సమ్మా. మేం శంఖం కామిక్స్ వోళ్లం. మెరుపు సూది మాకొద్దు."

"సూదికి పార్టీలేటే? మందు ఒకటే కదా."

నిర్మల వెనక పదకొండు మంది పక్కకు జరిగారు. బడి లైబ్రరీలో ఆ రెండు కంపెనీల పుస్తకాలే ఉన్నాయని, వాటి మూలంగా తరగతి ఎప్పుడో రెండు ముక్కలైందని హేమలతకు అప్పుడు తెలిసింది.

"మెరుపు వీరులకి పుట్టీటప్పుడే బలముంటాది. మా శంఖం వీరులు కష్టపడి సంపాదించుకున్నారు," అందొక పిల్ల.

"అంత కష్టపడీవోళ్లు ప్రతి పుస్తకంలోనూ తన్నులు తింతారేటి?" అన్నాడు మెరుపు పక్షం వాడు.

గొడవ విని హెడ్మాస్టరు సాయినాథ్ వచ్చాడు. ఎక్కడ తగవు జరిగినా రాజీ కుదర్చందే ఆయనకు తోచదు. "రెండూ బొమ్మల పుస్తకాలే కదర్రా. ఏది చదివినా ఒకటే," అన్నాడు.

అంతవరకు ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పక్షాలూ ఆ ఒక్క మాటతో ఏకమయ్యాయి. మెరుపు వాళ్లు కూడా వరుస వదిలి బెంచీల మీద కూర్చున్నారు.

"సార్, మీరు ఆఫీసులో కూర్చోండి. మిగతాది నేను చూసుకుంటాను," అంది హేమలత.

పదకొండున్నర దాటింది. ఆమె పెన్ను తీసి, శంఖం వాళ్లకు చేతి మీద శంఖం గీస్తానంది. మొదటి శంఖమే చక్కగా కుదిరింది. ఆ పక్షమంతా వరుస కట్టింది. అది చూశాక మెరుపు వాళ్ల కంటికి తమ అచ్చు స్టిక్కర్లు ఆనలేదు. మెరుపు కూడా చేత్తోనే గీయాలని పట్టుబట్టి వాళ్లూ వచ్చారు. మొదటి ఆరుగురైతే రెండో చెయ్యి చాపారు.

"బొమ్మతోపాటు ఇంకో సూదేసినా పర్లేదు నర్సమ్మా," అన్నాడొకడు.

పదేళ్ల ఉద్యోగంలో హేమలత ఆ మాట ఎన్నడూ వినలేదు.

అందర్నీ తనకంటే ముందుకు పంపుతూ వచ్చి, చివరికి నిర్మల ఒక్కతే మిగిలింది.

"శంఖం వీరుల్లో ఎవర్ని గీయమంటావు?"

నిర్మల చుట్టూ చూసి నర్సు చెవి దగ్గరికి వంగింది.

"నాను ఆ పుస్తకాలు సదవనే లేదు," అంది మెల్లగా. "సూదంటే బయమేసి అలగన్నాను."

హేమలత నవ్వు ఆపుకుంది. "పోనీ, నీకేటి ఇష్టం?"

"మా ఇంటికాడ కోడిపుంజు."

హేమలత ఒక చేతి మీద పుంజును తోక దాకా గీసి, ఆ పిల్ల దాన్ని మురిసిపోయి చూసుకుంటుండగా రెండో చేతికి సూది వేసేసింది. "ఎప్పుడేసీసినారు?" అని నిర్మల ఆశ్చర్యపోయింది. బయట జీపు హారను మోగుతూనే ఉంది. లోపల ఆ పుంజును చూసిన పిల్లలు మళ్లీ వరుస కట్టారు.

భోజనాల వేళకి బళ్లో కోడిపుంజు పార్టీయే పెద్దదైంది. దాని పుస్తకం మాత్రం ఇంకా ఎవరూ అచ్చు వెయ్యలేదు.